విడిచిపెట్టడమా, వదిలించుకోవడమా?

పామూరు వంటి ఊళ్ల నుండి బ్రతుకుతెరువు కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో తరలిపోయే కుటుంబాలు అనేకం. సామాను లారీకెక్కుతుంది, పిల్లి మాత్రం గోనెసంచిలో మాంసపు అంగళ్ల వీధికి చేరుతుంది. దీనిని గురించి అడిగితే పొరుగింటి ఖాలా ఒక మాట అన్నారు: “పిల్లిని బంధించిన స్త్రీ హదీసు నాకూ తెలుసమ్మా. మేము బంధించడం లేదు కదా, విడిచిపెడుతున్నాం.”

ఆలోచింపదగిన మాటే. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఆ ఉల్లేఖనం ప్రకారం ఆ స్త్రీ పిల్లికి తిండీ పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బ్రతికేందుకు దానిని వదలనూ లేదు. కనుక వదలడమూ ఒక మార్గమే. అయితే అది వేటాడి బ్రతకగల ప్రాణికి. పసికూననాటి నుండి పాలన్నంతో పెరిగిన పిల్లిని ఎరుగని వీధిలో కుక్కల నడుమ దింపి రావడాన్ని స్వేచ్ఛ అనడానికి నా మనస్సు ఒప్పదు. చట్టమూ ఒప్పదు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, 11వ సెక్షన్ ప్రకారం నేరం. తొలి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలేననుకోండి!

నగరాలలో శరణాలయాలున్నాయి, హైదరాబాదు బ్లూక్రాస్ 1992లో ఏర్పడింది. కానీ రాత్రివేళ గేటు ముందు అట్టపెట్టె ఉంచి వెళ్లిపోవడం గోనెసంచికి భిన్నం కాదు. చోటున్నదో లేదో ముందుగా అడగాలి. వయస్సు, రోగాలు, వేయించిన టీకాలు, తినే తిండి చెప్పి చేతికి అప్పగించాలి; అమానత్‌ను అప్పగించే తీరు అదే.

మనవంటి ఊళ్లలో బంధువుల ఇల్లే శరణాలయం. అక్కడ రెండు మూడు వారాలు ఒక గదిలోనే ఉంచి, పాత ఇంటి చాపముక్క ప్రక్కన వేసి, అలవాటైన పళ్లెంలోనే పెట్టమని చెప్పండి.