ఫ్యాక్టరీ బస్సెక్కే అమ్మాయిలు

మా హాస్టల్లో ఇప్పుడు పొద్దున్న వంట రెండుసార్లు. కోచింగులకి వెళ్లే పిల్లలకి ఎనిమిదింటికి ఇడ్లీయో ఉప్మాయో పెడితే సరిపోతుంది. ఎల్బీనగర్ వెళ్లి కంపెనీ బస్సెక్కే పిల్లలకి మాత్రం నాలుగున్నరకల్లా బాక్సు కట్టాలి. చింతపండు పులిహోర అయితే మధ్యాహ్నం దాకా పాడవదు కాబట్టి వారానికి రెండుసార్లు అదే. "ఆంటీ, మళ్లీ పులిహోరేనా?" అని మూతి ముడుస్తారు గాని, సాయంత్రం ఖాళీ బాక్సే తెస్తారు లెండి!

దిల్‌సుఖ్‌నగర్ అంటే మీకు తెలిసిందే కదా. కంప్యూటర్ కోర్సులు, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, డీఎస్సీ. పుస్తకాల సంచీతో వచ్చే ఆడపిల్లల్నే ఇన్నేళ్లూ చూశాను. ఫ్యాక్టరీలో పని చెయ్యడానికని ఊరు వదిలి వచ్చే ఆడపిల్లలు మా గేటు తట్టడం ఈమధ్యనే మొదలైంది.

ఆ బస్సులు వెళ్లేది సాగర్ రోడ్డు వైపు. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటాక ఆదిభట్ల. అమెరికా బోయింగ్ వాళ్లు, మన టాటా వాళ్లు కలిసి 2018 మార్చిలో ప్రారంభించిన ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే కొంగరకలాన్. తైవాన్ దేశపు ఫాక్స్‌కాన్ గ్రూపు కంపెనీకి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది అక్కడే. మొదటి దశలోనే 25,000 ఉద్యోగాలని ఆరోజు సభలో చెప్పారు. చెవిలో పెట్టుకుని పాటలు వినే ఎయిర్‌పాడ్స్ తయారీ 2025లో అక్కడ మొదలైందని పేపర్లలో చదివాం.

పైదేశం కంపెనీ మన దగ్గర ఫ్యాక్టరీ పెడుతుంటే స్థలం, కరెంటు, నీళ్లు ప్రభుత్వం చూపిస్తుంది. పనిచేసే చేతుల్ని మాత్రం కంపెనీయే వెతుక్కోవాలి. పని తెలిసినవాళ్లు వేలల్లో ఒక్కచోట సిద్ధంగా దొరకరు. ఐటీఐలో ఫిట్టరో, ఎలక్ట్రానిక్స్ మెకానిక్కో, పాలిటెక్నిక్‌లో డిప్లొమానో చేసినవాళ్లని తీసుకుని, తమ దేశం నుంచి కొంతమందిని రప్పించి పక్కన నిలబెట్టి నేర్పిస్తారు. కొత్త కోడలికి ఆవకాయ నేర్పినట్టే అనుకోండి. కారం ఎంత, ఆవపిండి ఎంత అన్నది కాగితం మీద రాసివ్వొచ్చు. నూనె ఎంత పైకి తేలాలో మాత్రం పక్కనుండి చూపించాల్సిందే. 2025లో ఫాక్స్‌కాన్ మన దేశంలోని ఫ్యాక్టరీల నుంచి వందలమంది చైనా ఇంజినీర్లను వెనక్కి పిలిపించిందన్న వార్త అంత పెద్దదయింది అందుకే. నేర్పేవాళ్లు వెళ్లిపోతే నేర్చుకున్నవాళ్ల మీదే భారమంతా పడుతుంది మరి.

సన్నటి భాగాల్ని పట్టకారుతో పట్టి అమర్చే పనికి ఆడపిల్లలైతే మేలని ఈ కంపెనీల నమ్మకం. 2015లో శ్రీసిటీలో ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టినప్పుడు కూడా ఎక్కువమందిని అమ్మాయిల్నే తీసుకున్నారు. అచ్యుతాపురంలో శ్రీలంక వాళ్ల బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీలకి చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు బస్సుల్లో వెళ్తారు. మన వేళ్లు సన్నన కాబట్టి అంటారు. మనం ఎదురు మాట్లాడమని కూడా అయ్యుండొచ్చని నా అనుమానం.

ఎదురు మాట్లాడరనుకున్న పిల్లలే 2021 డిసెంబరులో చెన్నై-బెంగుళూరు హైవే మీద బైఠాయించారు. శ్రీపెరంబుదూరులో ఐఫోన్లు చేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అమ్మాయిలుండే ఒక హాస్టల్లో భోజనం వికటించి 250 మందికి పైగా వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. 159 మంది ఆసుపత్రిలో చేరారు. ఫ్యాక్టరీ మూసేసి, మళ్లీ 2022 జనవరిలో తెరిచారు. ఐఫోనులో స్క్రూ వెంట్రుకవాసి తేడా వస్తే పట్టుకునే కంపెనీ, అది బిగించే పిల్ల రాత్రి ఏం తింటోందో ఎవరో కాంట్రాక్టరుకి వదిలేసింది! హాస్టల్ నడిపేదాన్ని కాబట్టి చెప్తున్నాను, వంద మందికి వండేచోట నీళ్ల ట్యాంకు కడిగి ఎన్నాళ్లయింది, మిగిలిన అన్నం ఎక్కడికి పోతోంది అన్నవి చూస్తే చాలు, ఆ హాస్టల్ సంగతి సగం తెలిసిపోతుంది.

పెళ్లయినవాళ్ల సంగతి ఇంకొకటి. శ్రీపెరంబుదూరులోనే పెళ్లయిన ఆడవాళ్లని పనిలోకి తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఇంటి బాధ్యతలట, గర్భమట, మెట్టెలూ తాళీ లోహం కాబట్టి పనికి అడ్డమట. కంపెనీ వివక్ష లేదంది. కేంద్ర కార్మికశాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. పిల్లల్ని, అత్తగారిని, గ్యాసు సిలిండరునీ ఏకకాలంలో సంభాళించే మనిషికి ఓర్పు, చేతి నేర్పు ఉండవని అనుకునేవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక అసలు విషయం. మా హాస్టల్లో దేవరకొండ వైపు అమ్మాయి ఒకతి ఉంది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. బ్యాంకు కోచింగుకని వచ్చి, ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకి వెళ్లి సెలక్టయింది. ఆ రాత్రే వాళ్లమ్మ ఫోను. "అక్కా, గింత సదివిచ్చింది ఫ్యాక్టరీల నిలబడనీకా? రేపు సంబంధాలోళ్లు అడిగితే ఏం జెప్పాలె?" అని ఒకటే బాధ. నేను పంపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అడగాల్సినవి అడిగాకే సంతకం పెట్టించమన్నాను.

మీ ఇంట్లోనూ ఆడపిల్ల ఉంటే ఇది పనికొస్తుంది. ఆర్డరు కాగితం మీద ఎవరి పేరుందో ముందు చూడండి. కంపెనీదా, కాంట్రాక్టరుదా? అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే చేతికొచ్చేది స్టైపెండు, దానికి పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. ఉద్యోగి అయితే పీఎఫ్ కింద నూటికి పన్నెండు రూపాయలు, ఈఎస్‌ఐ కింద ముప్పావు రూపాయి పట్టుకుంటారు. పట్టుకున్నారని బాధపడకండి, కంపెనీ కూడా తన వాటా కలపాలి కదా. చీటీలో అసలు పట్టుకోలేదంటేనే బాధపడాలి. మా అమ్మాయిని ఎల్బీనగర్‌లో ఒక మధ్యవర్తి "సీటు ఖాయం చేస్తా" అని పదిహేను వేలు అడిగాడు. ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను. ఇవ్వకుండానే సీటొచ్చింది.

రాత్రి షిఫ్టు మాటకొస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్లతో పని చేయించకూడదనేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం, ఆమె ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లుంటే చేయించొచ్చు. ఒప్పుకోవడమన్నది ఇంటర్వ్యూ బల్ల ముందు కూర్చున్న పిల్లకి ఎంతవరకు సాధ్యమో గాని, బస్సు ఇంటి దగ్గర దింపుతుందా, ఎల్బీనగర్ చౌరస్తాలో దింపి వెళ్లిపోతుందా అన్నది మాత్రం నోరు తెరిచి అడగాలి. నేను హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకి తాళం వేసేదాన్ని. ఇప్పుడు వాచ్‌మన్ చేతికి తాళం చెవి ఇచ్చి, వచ్చే పిల్లల పేర్లు, వేళలు పుస్తకంలో రాయిస్తున్నాను. పక్కింటివాళ్లు గొణిగారు. గొణగనిచ్చాను.

ఆ అమ్మాయి చేరి అయిదో నెల నడుస్తోంది. మొదటి జీతంతో అమ్మకి మిక్సీ కొనిచ్చింది. పక్కన నిలబడి నేర్పే మనిషి అవసరం తీరింది, ఇప్పుడు తనే ఇద్దరికి నేర్పుతోంది. ఆర్డరు కాగితం మీద మాత్రం ఇంకా కాంట్రాక్టరు పేరే, గడువు పదకొండు నెలలు. కంపెనీ పేరు మీద ఎప్పుడు రాస్తారని మొన్న సూపర్‌వైజరుని అడిగిందట. "చూద్దాంలే" అన్నాడట. వచ్చే నెల మళ్లీ అడుగుతానంటోంది, ఈసారి తను నేర్పిన ఇద్దర్నీ వెంటబెట్టుకుని.