హాన్లే చీకటి

లేహ్ పట్టణమునుండి సింధునది వెంట ఆగ్నేయముగా సాగు బాట న్యోమా దాటి, లోమా వంతెనయొద్ద నదిని విడిచి, చాంగ్‌థాంగ్ పీఠభూమియందలి హాన్లే లోయలోనికి తిరుగును. లోయ నడుమ కొండపై, సముద్రమట్టమునకు 4,500 మీటర్ల ఎత్తున, భారత ఖభౌతిక సంస్థవారి హిమాలయన్ చంద్ర టెలిస్కోపు కలదు. 2 మీటర్ల దర్పణము గల ఆ మహాయంత్రమును బెంగుళూరు చెంత హోసకోటెలో కూర్చుండి ఉపగ్రహము ద్వారా నడుపుదురు. దానినిగూర్చి పత్రికలలో కావలసినంత వచ్చియున్నది గనుక నేను కొండ నెక్కక, క్రింది గ్రామములో, సొంత డబ్బు వెచ్చించి, జీతము గాని బిరుదు గాని ఆశింపక, సుదూర గెలాక్సీల ఛాయాచిత్రములు తీయుచు రాత్రులు గడపువారిని చూడబోయితిని.

2022లో లడఖ్ పాలకులు ఈ ప్రాంతమున 1,073 చదరపు కిలోమీటర్ల నేలను చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించిరి. ఇక్కడ కిటికీలకు దట్టమైన తెరలు; దీపముల వెలుగు నేలకే దిగునట్లు వానికి మూతలు; రాత్రివేళ వచ్చు కార్లు పెద్దలైట్లు వేయరాదు. గ్రామస్థులలో కొందఱకు శిక్షణనిచ్చి, టెలిస్కోపులు పంచి, యాత్రికులకు ఆకాశము చూపు పని అప్పగించిరి. నేను బస చేసిన యింటి యిల్లాలు వారిలో నొకతె. పగలంతయు ఇంటిపనిలో మునిగియుండిన ఆమె, చీకటి పడగానే పెరటిలోని గొట్టమునకు చేయి ఆన్చి, పట మేదియు చూడకయే దేవయాని మండలములోని ఆండ్రోమెడా గెలాక్సీవైపు త్రిప్పి, "దేఖియే" అని ప్రక్కకు తొలగెను. నా కంటికి కనబడినది బూడిదరంగు మసక మాత్రమే. అది 25 లక్షల సంవత్సరముల క్రిందట బయలుదేరిన వెలుగని తెలిసియుండియు నాకు కొంత నిరాశయే కలిగినది. ఫోటోలు చూచి చూచి చెడిన కన్ను మరి!

ఆ యింటి ప్రహరీలోపలనే, గాలికి చాటుగా, హైదరాబాదు యువకుడొకడు తన పరికరములు అమర్చుకొనుచుండెను. సాఫ్ట్‌వేరు ఉద్యోగి. 4 అంగుళముల కటకము గల చిన్న దూరదర్శిని, ధ్రువనక్షత్రమునకు గురిచేయబడి భూభ్రమణమునకు ఎదురుగా మెల్లగా తిరుగు మౌంటు, చలికి నీరసింపకుండ రజాయిలో చుట్టిపెట్టిన బ్యాటరీ, తెరపై ఎఱ్ఱకాగితము అంటించిన ల్యాప్‌టాప్: ఇంతే అతని వేధశాల. కటకమునకు ముందు చీలికలు గల యొక ప్లాస్టిక్ బిళ్ళను తగిలించి, ప్రకాశవంతమైన నక్షత్ర మొకదానినుండి మూడు కాంతిరేఖలు పుట్టించి, నడిమిరేఖ సరిగా మధ్యకు వచ్చువఱకు మరను వెండ్రుకవాసి మేర త్రిప్పుచు చాలసేపు గడిపెను. ఫోకసు కుదిరిన పిదప ఆ బిళ్ళను తీయుట మఱవకుండుటకై దానికి పొడవాటి ఎఱ్ఱదారము కట్టుకొనియుండుట చూచి నాకు ముచ్చట వేసినది.

ఒక్కొక్క చిత్రమునకు 5 నిమిషములు. మౌంటులోని పళ్ళచక్రములు ఎంత నునుపుగా చేసినను కించిత్తు తడబడును గనుక, ప్రక్కనున్న మఱియొక చిన్న కెమెరా ఒక నక్షత్రమునే కనిపెట్టుచు, అది జరిగినపుడెల్ల మౌంటును సవరించుచుండును. ఇట్లు తీసిన పదులకొలది చిత్రములను కంప్యూటరు ఒకదానిపై నొకటి పేర్చగా, అన్నింటను స్థిరముగానుండు గెలాక్సీ కాంతి నిలిచి, చిత్రచిత్రమునకు మారు రవ్వలు సగటులో అణగిపోవును. అయితే స్పష్టత రెట్టింపు కావలెనన్న చిత్రములు నాలుగింతలు కావలయును. ఇది చాలదని, కటకము మూసి అంతే సేపు వట్టి చీకటిని ఫోటో తీయుదురు. తెల్లవారుజామున గొట్టము మూతికి తెల్లగుడ్డ బిగించి వట్టి ఆకాశమును తీయుదురు. మొదటిదానిలో కెమెరా తన వేడిచే తానే పుట్టించు వెలుగును, రెండవదానిలో లోపల చేరిన దుమ్ముకణముల నీడలును పట్టుపడును. తన పనిముట్ల దోషములను ఇంత శ్రద్ధగా ఫోటో తీసి దాచుకొని, లెక్కగట్టి దిద్దుకొను కళ మఱియొకటి నే నెఱుగను.

"ఇంటి డాబా మీద కుదరదా బాబూ?" అని అడిగితిని.

"కొన్ని నెబ్యులాలైతే కుదురుతుంది సార్. హైడ్రోజన్ వెలుగొక్కటే వదిలే ఫిల్టరు పెట్టుకుంటే చాలు. గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు కదా, దాని వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. వీధిలైట్ల తెలుపూ అంతే. దాన్ని ఆపితే ఇదీ ఆగిపోతుంది."

ఆ మాట వినగా హైదరాబాదులోని బేగంపేట జ్ఞప్తికి వచ్చినది. గత శతాబ్దపు పూర్వార్ధమున నిజామియా వేధశాలవారు అక్కడ 8 అంగుళముల ఆస్ట్రోగ్రాఫుతో గాజుపలకలపై ఆకాశమును చిత్రించి, అంతర్జాతీయ నక్షత్రపట్టికకొఱకు 7 లక్షలకు పైగా తారల స్థానములు కొలిచిరి. ఆ నగరపు యువకునకే నేడు చీకటికొఱకు లడఖ్ రావలసివచ్చినది.

అమెచ్యూర్ల మాట వచ్చినది గనుక ఐజాక్ రాబర్ట్సును తలపవలయును. వేల్సున పుట్టి, కట్టడముల వ్యాపారమున ధనమార్జించిన ఆయన, 1888 డిసెంబరులో 20 అంగుళముల దర్పణముతో ఆండ్రోమెడాను చిత్రించి, దాని సుడుల ఆకృతిని లోకమునకు చూపెను. అది పుట్టుచున్న సౌరకుటుంబమని ఆయన భ్రమించెను. వేఱొక గెలాక్సీయని తేలుటకు, 1923లో హబుల్ మౌంట్ విల్సన్‌పై 100 అంగుళముల టెలిస్కోపుతో దానిలో, దూరము కొలుచుటకు పనికివచ్చు సెఫీడ్ తారను పట్టుకొనవలసివచ్చినది. ఇంతగా శోధింపబడిన గెలాక్సీ చెంతనే, ఆకాశమున దాని ప్రక్కగా, విశాలమైన ఆక్సిజన్ వెలుగు చాపమొకటి కలదని 2023లో ప్రకటించినవారిలో ముఖ్యులు యాన్ సైంటీ, జేవియర్ స్ట్రాట్నర్, మార్సెల్ డ్రెక్స్‌లర్ అను అమెచ్యూర్లే. కటకము 4 అంగుళముల పైచిలుకే. కాని రాత్రుల తరబడి, 100 గంటలకు పైగా, ఆ యొక్క చోటినే చిత్రించిరి. కొండమీది యంత్రముపై కొన్ని రాత్రులు దొరకుటకే శాస్త్రజ్ఞుడు దరఖాస్తు పెట్టుకొని వేచియుండవలెను. ఒక్క చోటికి 100 గంటలు ఎవరిత్తురు? తీరిక యను ఐశ్వర్యము అమెచ్యూరుదే.

కెమెరా తన పని తాను చేసికొనుచుండగా అతడు తన పాత చిత్రములు చూపెను. గెలాక్సీ చేతుల నీలిపై అచ్చటచ్చట ఎఱ్ఱచుక్కలు చూచి, ఈ రంగులు మీరు పూసినవేగదా యంటిని. ఈ కాలపు ఆకాశచిత్రములలో నాకు గిట్టనిది ఆ పెండ్లిపందిరి సోయగమే. అతడు నొచ్చుకొనలేదు. ఆ చుక్కలు క్రొత్త నక్షత్రములు పుట్టుచున్న హైడ్రోజన్ మేఘములనియు, నీలము వయసులోనున్న తారలదనియు, నడిబొడ్డు పసుపు వృద్ధతారలదనియు, ఉన్న రంగునే తాను పెంచితినిగాని లేనిది తేలేదనియు చెప్పెను. ఎఱుపునకు ఒప్పుకొంటిని; నీలము మాత్రము మితిమీరినదని పట్టుపట్టితిని. నా యెదుట దానిని కొంచెము తగ్గించెను. నేను లోనికి పోయి టీ త్రాగి వచ్చుసరికి అది మరల యథాస్థానమునకు వచ్చియుండెను.