ఓటుకి యాప్ లేకపోవడమేనా మన బాధ?

మా టీంలో మునిసిపల్ ఎన్నికల మాట ఎప్పుడొచ్చినా ఒకటే డైలాగు. "ఫోన్లో ఓటేసే వీలుంటే అందరం వేస్తాం బాస్. లక్షలకి లక్షలు ఫోన్లోనే పంపేస్తున్నాం, ఓటెంత?"

ఆ రెండూ ఒకటి కాదని కోడ్ రాసేవాళ్ళకి వేరే చెప్పాలా? డబ్బు పంపితే ఎవరు ఎవరికి ఎంత పంపారో రెండు పక్కలా రాసుంటుంది, తేడా వస్తే స్టేట్‌మెంట్ తీసి చూసుకుంటాం. ఓటు దగ్గర ఎవరు వేశారో తెలియాలి గానీ ఎవరికి వేశారో ఆ సర్వరు నడిపేవాడికి కూడా తెలియకూడదు. పైగా లెక్క సరిగ్గానే జరిగిందని ఓడిపోయినవాడు నమ్మాలి. ఇదంతా సాధించినా, సోఫాలో పక్కనే కూర్చుని "ఏదీ, నా ముందు నొక్కు" అనే మనిషిని ఏ ఎన్‌క్రిప్షన్ ఆపుతుందండీ? (ఎస్టోనియా వాళ్ళు దీనికో ఉపాయం పెట్టారు: ఆన్‌లైన్ ఓటు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క.)

సరే, టెక్నాలజీ సంగతి ఎలాగోలా తేల్చుకుంటారనే అనుకుందాం. తెలంగాణ ఎన్నికల సంఘం 2021 అక్టోబర్లో ఖమ్మంలో ఫోన్ ఓటింగుకి ఉత్తుత్తి పోలింగు జరిపింది కూడా. మరి అది వస్తే జనాలు ఎగబడతారా? ఎస్టోనియాలో 2005 స్థానిక ఎన్నికల నుంచీ ఇంట్లో కూర్చుని ఓటెయ్యొచ్చు. అక్కడ స్థానిక ఎన్నికల పోలింగు 2009లో సుమారు 60 శాతం, 2021లో 55 శాతం దగ్గర. ఈ మధ్యలో ఆన్‌లైన్లో వేసేవాళ్ళ వాటా మాత్రం ఆరో వంతు నుంచి సగం దాకా పెరిగింది. అంటే బూతుకెళ్ళే అలవాటున్నవాళ్ళే చాలావరకు లాప్‌టాప్ ముందుకి మారారన్నమాట.

ఇక మన హైదరాబాదు. జీహెచ్ఎంసీకి 2009లో 42 శాతం, 2016లో 45, 2020లో 46 చిల్లర. మొదటి రెండుసార్లూ ఈవీఎంలు, మూడోసారి కరోనా వల్ల బ్యాలెట్ పేపరు. మిషనైనా, కాయితమైనా మనోళ్ళు కదల్లేదు. ఓటరు జాబితాలో ఇల్లు మారినవాళ్ళ పేర్లు అలాగే ఉంటాయి, నిజమే, కొంత తీసేద్దాం. అయినా సగం తిరిగిరారు.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ 2020 ఏడాదే. అక్టోబరు వానలకి నాలాలు పొంగి కాలనీలకి కాలనీలు మునిగాయి. సెల్లార్లలో కార్లు తేలాయి, పడవల్లో జనాన్ని బయటికి తెచ్చారు. రెండు నెలలైనా తిరక్కుండా, డిసెంబర్ 1న పోలింగు. ప్రభుత్వం సెలవిచ్చింది. ఆ కోపం అంతా ఎక్కడికి పోయినట్టు?

ఇప్పుడు పల్లెటూళ్ళు చూడండి. అక్కడా కాయితమే, క్యూ ఇంకా పెద్దది. 2021లో ఆంధ్రాలో, 2025 డిసెంబర్లో తెలంగాణలో పంచాయతీ పోలింగు 80 శాతం దాటింది. మా టీంలో నల్గొండ కుర్రాడొకడు ఉన్నాడు, పైన చెప్పిన డైలాగు వాడిదే. సర్పంచి ఎన్నికకి రాత్రి బస్సులో నిలబడి ఊరెళ్ళి ఓటేసొచ్చాడు. యాప్ లేదు కదరా అంటే, "అది మా ఊరన్నా" అన్నాడు.

వాణ్ణి తప్పుపట్టలేను. సర్పంచి వాడికి పేరుతో తెలుసు, పంచాయతీ చెక్కు మీద ఆయన సంతకం ఉంటుంది, వీధి లైటు వెలక్కపోతే పొద్దున్నే గుమ్మంలో నిలబడి అడగొచ్చు. ఇక్కడ మంచినీళ్ళు, డ్రైనేజీ వాటర్ బోర్డుది, కరెంటు డిస్కంది, ట్రాఫిక్ పోలీసులది. కార్పొరేషన్లో మిగిలినవాటికైనా రాష్ట్రం వేసిన కమిషనరు సంతకమే కావాలి. ఇక కార్పొరేటర్ చేతిలో ఏముందని మనవాళ్ళు బూతుకెళ్ళాలి? ఏమీ లేనివాడికి ఓటెయ్యడానికి ఎంత మంచి యాప్ ఇచ్చినా అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం.

పెద్ద ఊళ్ళలో వార్డు కమిటీలుండాలని 74వ సవరణలోనే ఉంది. 2020 ఎన్నికలయ్యాక మా అపార్టుమెంటు మీటింగులో అడిగాను, ఇలాంటిదొకటుందని ఎవరికైనా తెలుసా అని. ఎనభై ఫ్లాట్లలో ఇద్దరు చేతులెత్తారు. అందులో ఒకాయన మునిసిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు.