వచ్చేవారం తప్పక రండి

ఆస్పత్రి రిజిష్టర్లో మూడక్షరాల మాట ఒకటుంది – "రాలేదు". పేరు చూస్తే పదినెలల పసికందు! ఆ బిడ్డ చెప్పులేసుకుని, బస్సెక్కి, తనంతట తాను ఎలా వస్తుంది చెప్పండి?

ఇంగ్లండులో చాలా ఆస్పత్రులు ఈమధ్య ఈ మాట మార్చుకున్నాయి. పిల్లల విషయంలో "రాలేదు" అనకుండా "ఎవరూ తీసుకురాలేదు" అని రాస్తున్నాయి. మాట మారిస్తే ఒరిగేదేమిటి అంటారా? "రాలేదు" అంటే కాగితం అక్కడితో మూసెయ్యొచ్చు. "తీసుకురాలేదు" అంటే, "ఎందుచేత?" అని అడగాలి కదా!

వంకర పాదాలతో పుట్టే పిల్లల సంగతే చూడండి. అమెరికాలో పోన్సేటి అనే డాక్టరుగారు 1940ల చివర్లో మొదలుపెట్టిన వైద్యం ఇప్పుడు మన దగ్గరా చేస్తున్నారు. వారంవారం పాదాన్ని కొంచెం కొంచెం సరిచేస్తూ సిమెంటుకట్టు మారుస్తారు. అయిదారు కట్లు, చాలామందికి మడమ వెనక ఒక చిన్న కోత – పాదం చక్కబడుతుంది. ఆపైన ఒక కమ్మీకి బిగించిన బూట్లు తొడగాలి. మూడునెలలపాటు రోజుకి 23 గంటలూ, తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళూ. మధ్యలో మానేస్తే పాదం మళ్ళీ వంకర తిరిగే ప్రమాదం ఉంది.

చిక్కల్లా ఇక్కడే. కట్టు విప్పగానే పాదం ముచ్చటగా కనిపిస్తుంది. "బాగయిందిగా, ఇంకా ఆ బూట్లెందుకు? పిల్ల ఏడుస్తోంది" అంటుంది అత్తగారు. కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారడం దండగంటాడు మొగుడు. డాక్టరు చెప్పిందంతా విన్నది ఆ కోడలు ఒక్కతే. ఇంట్లో మాట చెల్లనిదీ ఆ పిల్లదే!

అందుకే మొదటిరోజే అత్తగారినో, మొగుణ్ణో కూడా కూచోబెట్టి చెప్పాలి. "బుధవారం రా" అని హుకుం జారీ చెయ్యకుండా, "ఏ రోజు వీలవుతుందమ్మా?" అని అడగాలి. తేదీ తెలుగులో, వారం పేరుతో సహా రాసివ్వాలి. ముందురోజు ఫోను చేసి గుర్తుచెయ్యడం మంచిదే, కాని ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుందో కూడా కనుక్కోవాలి. ఒకవేళ తప్పితే, మర్నాడు కావలసింది పలకరింపు, మందలింపు కాదు. ఒకసారి తప్పిన తల్లి తిట్లకి జడిసి రెండోసారీ మానేస్తుంది.

ఇదంతా ఆస్పత్రి వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. "అమ్మగారూ, రేపు రాను, పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి" అని పనిమనిషి అనగానే మనలో చాలామంది మొహం ఎలా పెడతామో అద్దంలో చూసుకోవాలి. "మొన్ననేగా వెళ్ళావు?" అంటాం. ఆ మాట పడలేక, జీతంలో కోత భరించలేక ఆమె ఊరుకుందనుకోండి. అక్కడ "రాలేదు" అని పడేది పాప పేరు పక్కనేగాని, మన పేరు పక్కన కాదు.

ఒకపూట అంట్లు మనం తోముకుంటే అరిగిపోం. "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారే?" అని అడిగి, ఆ తేదీ చుట్టూ మన గోడ కేలండర్లో, పాల లెక్క పక్కనే, ఒక సున్నా చుడదాం. ముందురోజు "రేపు పనికి రాకు" అని మనమే చెబుదాం.