అద్దె యింటిలో అంట్ల యంత్రము

మేము బెంగుళూరు నగరమున ఇప్పుడు నివసించుచున్న యింటిలో 2023వ సంవత్సరమున అద్దెకు దిగితిమి. వంటగది గట్టు క్రింద, గోడవారగా, డిష్‌వాషరు అను అంట్లు తోము యంత్రము నొకదానిని యజమానియే అమర్చి యుంచెను. పదునొకండు నెలల ఒడంబడికకు చివర జతపరచిన జాబితాలో ఫ్యానులు 5, గీజర్లు 2 అని వ్రాసిన పిదప, డిష్‌వాషరు 1, పనిచేయు స్థితిలో నున్నది అని కూడ నుండెను. మేము వ్రాలు చేసితిమి. ముప్పది యేండ్లు గుమాస్తాగా నుండి, వచ్చిన సరుకును లెక్కింపనిదే రసీదుపై చేయి పెట్టని మేము, ఆ యంత్రమును ఒక్కసారియైన నడిపి చూడక వ్రాలు చేసితిమి. తరువాత జరిగిన దానికెల్ల మూలము ఆ పొరపాటే.

మా గృహిణి మొదట దానిని తాకనేలేదు. తిన్న కంచములును, పెరుగు గిన్నెలును ఒక్క పెట్టెలో వేసి మూసిన యెడల ఎంగిలి యెంగిలితో కలియదా యని ఆమె సందేహము. ఆమె పుట్టినింట బూడిదయు, కొబ్బరి పీచును, ఇత్తడి సామానులకు చింతపండును వాడెడివారు. కాని కొంతకాలముగా ఆమె వ్రేళ్ల కీళ్లు నొచ్చుచున్నవి. 2024లో మా పనిమనిషి, కుమార్తె పురుడు పోయుటకై మదనపల్లె ప్రక్కనున్న తన యూరికి వెళ్లి మూడు నెలలు రాలేకపోయెను. అప్పుడిక యంత్రమే దిక్కయ్యెను. "అంత వేడినీళ్లు పడుతున్నాయిగా, శుద్ధి అయిపోయిందనుకుందాం లెండి" అని ఆమెయే సమాధానపడెను.

ఈ యంత్రము నిన్నమొన్న పుట్టినది కాదు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున నివసించిన జోసెఫిన్ కాక్రేన్ అను గృహిణి, పనివారి చేతులలో తన పింగాణి పళ్లెముల అంచులు విరుగుచుండుటచే విసిగి దీనిని కల్పించెనని చెప్పుదురు. 1886లో ఆమెకు పేటెంటు లభించెను. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనమున జనులు దీనిని చూచిరి. నేటి యంత్రములు ఒక విడతకు సుమారు 10 మొదలు 12 లీటర్ల నీటితోనే పని ముగించును. అదెట్లన, పంపు ఆ కొలది నీటినే మరల మరల పైకి చిమ్మును. ఆ చిమ్ముడు వేగమునకే లోపలి రెక్కలు తిరుగును. పాత్రలపై పడి జారిన నీరు అడుగున నున్న జల్లెడలో వడకట్టబడి తిరిగి పంపును చేరును. కావున జల్లెడ పూడిన యెడల యంత్రమునకు ఊపిరి ఆడదు. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

2024 వినాయక చవితి నాడు మా యింట పండ్రెండుగురు భోజనము చేసిరి. మరునాడు యంత్రపు తలుపు తెరచి చూడగా, అడుగున నాలుగు వ్రేళ్ల లోతున మురికినీరు నిలిచి యున్నది. పాత్రలపై సున్నము పూసినట్లు తెల్లని పొర. "దీనికి కూడా పండగ భోజనం అరగలేదండీ" అని మా గృహిణి నవ్వెను. పిలిపించిన మెకానిక్కు మాత్రము నవ్వలేదు. తలుపు తెరచి, మూసి, పంపు కాలిపోయినదనియు, క్రొత్తదానికి ఆరువేల రూపాయలగుననియు చెప్పి వెళ్లెను.

మా యజమాని కన్నడిగుడు. పై యంతస్తున నుండును. తెలుగు చక్కగా మాట్లాడును. "మీరు వచ్చేదాకా బాగుండింది స్వామీ. పాడుచేసింది మీరు, చేయించాల్సింది మీరే" అనెను. పాతదానిని మాకు అంటగట్టితిరని మేమంటిమి. అడ్వాన్సులో పట్టుకొందునని ఆయన యనెను. ఆ అడ్వాన్సు ఆరు నెలల అద్దె. మాకది చిన్న మొత్తము కాదు. అంతకు మించిన నష్టము మరియొకటి జరిగినది. ప్రతి యుదయము గేటు వద్ద పలుకరించుకొను మేమిద్దరము మూడు దినములు ముఖములు త్రిప్పుకొని నడచితిమి.

మూడవ రాత్రి ఆయనకు ఘాటైన ఉత్తరము నొకటి వ్రాసితిమి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, అద్దెదారు తాను పుచ్చుకొన్న స్థితిలోనే ఆస్తిని తిరిగి అప్పగింపవలెను. అయితే వాడుకలో సహజముగా కలుగు అరుగుదలకు బాధ్యుడు కాడు. ఆ చివరి మాట క్రింద రెండు గీతలు గీచితిమి. కాని కోపమున వ్రాసిన కాగితము తెల్లవారనిదే టపాలో పడరాదని మా పాత కచేరీలో పెద్దలు నేర్పిన నియమము. దానిని బల్లపై నుంచి పరుంటిమి.

తెల్లవారి చదువుకొనగా, యంత్రము లోపలి భాగమును మేము చూడనేలేదని తోచినది. యంత్రపు పుస్తకమునకై యజమాని తలుపు తట్ట మనసొప్పక, మనుమని చేత ఫోనులోనికి తెప్పించుకొని ఆసాంతము చదివితిమి. పిదప స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబెరికి, కొళాయి కట్టి, నిలిచిన నీటిని చెంబుతో తోడి, మిగిలినదానిని గుడ్డతో ఒత్తితిమి.

జల్లెడ త్రిప్పగానే ఊడి వచ్చినది. దానినిండ అన్నము మెతుకులు, ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, అన్నియు జిగురై యట్టకట్టి యున్నవి. కంచములను విదిలింపకయే పెట్టుచుంటిమి. జల్లెడను ఒక్కనాడును కడుగలేదు. ఇది నిశ్చయముగా మా తప్పు. జల్లెడ క్రింద పంపునకు చిన్న మూత కలదు. దానిని తీసి, లోని చక్రమును పుల్లతో కదపగా కదలలేదు. దీపము పట్టి చూడగా నీలిరంగు పూవు గల పింగాణి ముక్క యొకటి అందులో ఇరుకుకొని యున్నది. మా యింట కాఫీ స్టీలు గ్లాసులలోనే, పింగాణి లేదు. అది మాకు ముందున్నవారిది. ముక్క తీయగానే చక్రము తిరిగినది. పంపు కాలలేదు!

ఇక నీరు బయటకు పోవు గొట్టము మిగిలినది. యంత్రమును మెల్లగా ముందుకు లాగి చూచితిమి. ప్రక్కన క్రొత్తగా అమర్చిన సొరుగు వెనుక అంచు ఆ గొట్టమును గోడకు అదిమి, సగము చప్పిడి చేసినది. మేము దిగుటకు ముందు ఆ సొరుగును చేయించినది యజమాని.

తెల్లని పొరకు మాత్రము మనుష్యులెవరును కారణము కారు. మా సంపులో కావేరి నీరును, బోరు నీరును కలియును. త్రాగునీటి గూర్చిన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 (2012) లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యమును ఆమోదించును. వేరు నీరు దొరకనిచో 600 వరకు ఓర్చుకొనవచ్చునని చెప్పును. ఆ సుద్దనీటి కొరకే యంత్రములో రెసిన్ అను సన్నని పూసలుండును. అవి నీటిలోని కాల్షియము, మెగ్నీషియములను పట్టుకొని సోడియమును వదలును. పూసలు నిండినప్పుడు ఉప్పునీరు వానిని కడిగి మరల సిద్ధము చేయును. మా యంత్రపు ఉప్పు గిన్నె పూర్తిగా వట్టిపోయి యున్నది. అందు వంట ఉప్పు వేయరాదు. దానికై అమ్ము శుద్ధమైన గళ్లుప్పునే వేయవలెను.

జల్లెడలోని ముద్దను, పింగాణి ముక్కను ఒక పళ్లెమున నుంచుకొని పైకి వెళ్లి, యజమానిని క్రిందికి పిలిచితిమి. ముందుగా మా ముద్దను చూపి, ఇది మాది యంటిమి. ఆయన ఏమియు అనలేదు. ముక్కను చూచి, "ఇది ముందున్నవాళ్ల కప్పు. వాళ్ల అడ్వాన్సు మొత్తం ఇచ్చేసినాను కదా!" అనెను. గొట్టమును చూచుటకు నేలపై మోకరిల్లి, చాలసేపటికి లేచి, "సొరుగు నేనే పెట్టిస్తి స్వామీ" అనెను. మరునాడే వడ్రంగి వచ్చి సొరుగు వెనుక చెక్కను కోసెను. గొట్టము ఖరీదు ఆయన ఇచ్చెను. ఉప్పు మేము కొంటిమి. క్రొత్త ఒడంబడికలో ఒక పంక్తి చేరినది: జల్లెడ, ఉప్పు అద్దెదారువి, గొట్టము, పంపు యజమానివి.

ఉత్తరమును చింపుటకు ముందు మరల చదివితిమి. వాక్యములు చక్కగానే యున్నవి. కాని అందు మా జల్లెడ ప్రస్తావన లేదు.

పనిమనిషి తిరిగి వచ్చి యంత్రమును చూచి, "ఇంక నన్ను రావద్దంటారా అమ్మా?" అని మా గృహిణి నడిగెను. ఇనుప మూకుడును, ఇత్తడి కుందులును, అన్నపు తపేలాలును యంత్రమునకు ఒప్పవు. అవి ఆమె చేతికే మిగిలినవి, జీతము తగ్గింపలేదు.

పరభాషా ప్రాంతములలో అద్దె యిండ్లలో కాపురము చేయుచున్న మనవారికి ఒక విన్నపము. జాబితాపై వ్రాలు చేయుటకు ముందు ప్రతి వస్తువును నడిపి చూడుడు. లోపమున్నచో ఆనాడే కాగితముపై వ్రాయించుడు. చెడినప్పుడు మాట తూలుటకు ముందు మూత తీసి చూడుడు. అద్దె యిల్లు ఏనాడో మారవచ్చును. ఇరుగుపొరుగుతో చెడిన మాట మన వెంటనే వచ్చును.

ఇప్పుడు ప్రతి ఆదివారము ఉదయము జల్లెడ కడుగుట మా పని. కొళాయి చప్పుడు వినబడిన యెడల, పై నుండి యజమాని, "రాయరే, ఈ వారం ఏం దొరికింది?" అని కేక వేయును. కరివేపాకు అని మేము బదులు చెప్పుదుము.