శాలువా ఒక్కటే చాలదు

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా మొదట చేతబట్టింది మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. ఈ సంచిక ద్వారా హాస్టలు తమ్ముళ్ళతో ఒక విషయం పంచుకోవాలని మా కోరిక.

మన బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి కలుస్తాయి. చుట్టూ ఎన్ని షాపులో! బస్తాలు మోసేచోట, ఊడ్చేచోట మనవాళ్ళు కనిపిస్తారు. గల్లాపెట్టె దగ్గర ఎందరున్నారు? అందుకే, మూతపడబోయిన కమానీ ట్యూబ్స్‌ను నిలబెట్టిన కల్పనా సరోజ్‌కు, 2005లో డిక్కీ అనే దళిత పారిశ్రామికవేత్తల సంఘాన్ని స్థాపించిన మిలింద్ కాంబ్లేకు 2013లో పద్మశ్రీ ఇచ్చారని చదివినప్పుడు మాకు గర్వం కలిగింది.

ఈ మాట క్లాసులో వస్తే ఒక మిత్రుడు అడిగాడు: "మా నాన్నదీ చిన్న కిరాణా కొట్టే. ఆయనకు శాలువా ఎవరు కప్పారు? ఇది న్యాయమేనా?"

కోపం తెచ్చుకోవలసిన ప్రశ్న కాదిది. ఆయన కష్టమూ కష్టమే. అయితే కొట్టు ఎలా మొదలైందని అడిగాం. మేనమామ మాట మీద వన్‌టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారి నెల అరువుకు సరుకిచ్చాడట. మాలో ఒకరి బాబాయి సెంట్రింగు సామాను కొనుక్కుందామని ఒక బ్యాంకుకు వెళితే, హామీ ఎవరని అడిగారు. హామీ ఉండగల చుట్టం ఆయనకు లేడు. నేటికీ పరాయివాళ్ళ సామానుతో కూలికే పోతున్నాడు.

వ్యాపారానికి పెట్టుబడి అంటే డబ్బొక్కటే కాదు, మన తరఫున మాట ఇచ్చే మనిషి కూడా. కొందరికి అది చుట్టరికంలో వస్తుంది. రానివారికి నలుగురిలో జరిగే సన్మానమే ఆ మాట అవుతుంది. దానివల్ల మిత్రుని నాన్నగారి కొట్టుకు ఒక్క బేరం కూడా తగ్గదు.

కానీ సన్మానం దగ్గరే ఆగిపోతే అన్యాయం జరిగేది మనకే. "ఆమె ఎదగలేదా, మీకేం తక్కువ?" అని మనల్నే నిలదీస్తారు. 2016లో మొదలై 2025 దాకా నడిచిన స్టాండప్ ఇండియా పథకంలో ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పివ్వాలన్నారు. 2012 విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. కొన్నది మాత్రం దానికి చాలా తక్కువగానే ఉంటూ వచ్చింది. శాలువాలకు కొరత లేదు, ఆర్డర్లకే కొరత.

తమ్ముళ్ళారా! ఉద్యోగమొక్కటే దారి అనుకోకండి. లెక్కలు రాయడం, కొటేషన్ వేయడం నేర్చుకోండి. మనవాడు కొట్టు పెడితే చప్పట్లు కొట్టి వెళ్ళిపోకుండా అక్కడ సరుకు కొనండి. మిత్రుని నాన్నగారి వంటి పేదలకూ తేలికగా అప్పు దొరకాలని అడిగేటప్పుడు మన గొంతూ కలుపుదాం.