తంజావూరి నగరులో నొక పూట

దేవాలయ దర్శనము మన స్త్రీలకు క్రొత్త కాదు. ప్రదక్షిణ మెచ్చటనుండి యారంభింపవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఎచ్చట కన్నులు మూసికొనవలెనో పెద్దలు చిన్ననాడే నేర్పియున్నారు. కాని రాజభవనములను చూచు విధము మన కెవ్వరును నేర్పలేదు. ద్వారమువద్ద గైడు ఎదురై "చూపింతునా?" యని యడిగినప్పుడు ఔననుటయా, కాదనుటయా యని తోచక నిలిచిపోవుట మనలో చాలమందికి అనుభవమే. గత పుష్యమాసమున తంజావూరిలో మాకును ఆ సందేహము కలిగినది. అది తీరిన విధమును సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

మావారికి సంక్రాంతి సెలవులు రాగా, మా అత్తగారిని, పదునొకండేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని దక్షిణదేశయాత్రకు బయలుదేరితిమి. ఉదయమున బృహదీశ్వరుని సేవించి, సమీపముననే యున్న రాజభవనమునకు వచ్చునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. టిక్కెట్లు కొనుచుండగా నడివయసు గైడొకడు వచ్చి, గంటసేపటిలో సమస్తమును చూపి చెప్పెదనని పలికెను. అతడు కోరిన సొమ్ము మా నలుగురి ఒకపూట భోజనమునకు చాలునంత యుండెను.

"పలకలపై వ్రాసియే యున్నది గదా. పైగా నీవు చదువుకొన్నదానవు. గైడెందులకు?" అనిరి మావారు.

"గుంపుతో పరుగెత్తుటకు నా మోకాళ్లు ఒప్పుకొనవు. అతడు చెప్పునది నాకు తెలియునా?" అనిరి అత్తగారు.

అమ్మాయి మాత్రము, "కథలు చెప్పువారుండిన బాగుండునమ్మా" అనెను. ముగ్గురును మావంక చూచిరి.

దాచనేల? మాకును లోలోపల గైడు వలదనియే యుండెను. అది పొదుపుచేత కాదు, గర్వముచేత. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటివద్దనే అమరమును, ప్రబంధములను చెప్పిరి. చేమకూర వేంకటకవి విజయవిలాసమును వారియొద్ద ఆద్యంతము చదివితిమి. ఆ కావ్యము నంకితముగొన్న రఘునాథనాయకుని నగరును మాకొకరు చూపవలెనా యని యభిమానము. మరియొక సంగతియు గలదు. గైడు ఇంగ్లీషుననో తమిళముననో చెప్పును. మావారు విని, తమకు ముఖ్యమని తోచినదానిని మాకు తెలుగు చేయుదురు. అప్పుడు మేము చూచునది రాజభవనము గాక మావారి తాత్పర్యమగును!

కావున మేమే గైడు నడిగితిమి. "అయ్యా, తెలుగు వచ్చునా?"

"కొంచెము వచ్చునమ్మా. మెల్లగా చెప్పెదను."

"పెద్దవారు అలసినచోట కూర్చుందుము. తొందరపెట్టరాదు."

అతడు సమ్మతించెను. ఆ రెండు ప్రశ్నలతోనే మా సందేహము తీరినది.

సొమ్ము వృథా కాలేదని పావుగంటలోనే తెలిసినది. గోపురమువంటి ఎత్తైన కట్టడ మొకటి కనబడగానే మా అత్తగారు చేతులు జోడించిరి. గైడు నవ్వలేదు. అది కోవెల కాదనియు, గూడగోపురమనియు, పూర్వము ఆయుధము లుంచుటకును కావలి కాచుటకును ఉపయోగపడినదనియు చెప్పెను. మేమును అత్తగారివలెనే పొరబడియుంటిమి గాని, చేతులు జోడింపకుండుటచేత అది బయటపడలేదు.

ఇంతియ కాదు. కనబడిన ప్రతి స్తంభమును రఘునాథునిదే యని మేము భావించుచుంటిమి. 16వ శతాబ్దమున నాయకరాజులు ఆరంభించిన నగరది. 1673లో వారి ప్రభుత్వ మంతరించినది. కొలది యేండ్లకే శివాజీ సవతిసోదరుడైన ఏకోజీ తంజావూరును గైకొనెను. అతని వంశీయులు 1855 వరకును ఇచ్చటనుండి, ఉన్నవానిని మార్చుచు, క్రొత్తవి కట్టుచు వచ్చిరి. రంగురంగుల స్తంభములు గల దర్బారు వారిదే. వారి కొలువునను తెలుగునకు లోపము రాలేదు. శాహజి మహారాజు స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. 1798 మొదలు 1832 వరకు సింహాసనముననున్న శరభోజి దూరదేశములనుండి గ్రంథములు తెప్పించి సరస్వతీమహలును పెంపొందించెను. గైడు లేకున్న ఆతని చలువరాతి విగ్రహమును చూచి, ఎవ్వరో యని దాటిపోయెడివారము.

సంగీతమహలున చల్లగా నుండుటచే అత్తగారు కూర్చుండిరి. అచ్చట గైడు గొంతు పెంచి 1673 నాటి కథ చెప్పసాగెను. మధుర నేలు చొక్కనాథనాయకుడు తంజావూరి విజయరాఘవనాయకుని కుమార్తెను వివాహమాడ గోరెనట. ఇతడు ఈయనొల్లలేదు. మధుర సేనలు కోటను ముట్టడించినవి. ఓటమి తప్పదని యెరిగి వృద్ధరాజు అంతఃపురమున తుపాకిమందు పెట్టించి, స్త్రీలు శత్రువుల చేజిక్కకుండ దానిని పేల్చివేయ నియమించి, తాను యుద్ధమున మడిసెను. మరికొందరు యాత్రికులును మూగి వినిరి. "ఎంత పౌరుషము!" అని ఒకరనిరి.

మా అత్తగారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, "ఆ ఆడువారి నెవరైన అడిగిరా, నాయనా?" అనిరి.

"వారి పేర్లేమి?" అని మా అమ్మాయి యడిగెను.

"రాణులు, పరిచారికలు. పేర్లు తెలియవమ్మా" అని గైడు ముందునకు కదలెను.

మేము పదిమందిలో నోరు తెరచిన దినము లేదు. కాని అమ్మాయి మా మొగము వంకనే చూచుచుండెను. ఈ నగరులోని స్త్రీలు ఎట్లు మరణించిరో మాత్రము విని అది ఇంటికి పోవుటకు మాకు మనసొప్పలేదు. "అయ్యా, కొంచెము నిలువుడు. చనిపోయినవారి పేర్లు కథలో లేవు. వ్రాసినవారి పేర్లు కలవు" అని మొదలిడితిమి.

రఘునాథుని కొలువున రామభద్రాంబ యుండెను. ఆమె రఘునాథాభ్యుదయమను సంస్కృతకావ్యమును 12 సర్గలుగా రచించినది. మధురవాణి యుండెను. ఆమె రఘునాథుడు తెలుగున వ్రాసిన రామాయణమును సంస్కృతము చేసినది. అతని కుమారుడైన ఈ విజయరాఘవుని కొలువుననే రంగాజమ్మ మన్నారుదాసవిలాసమను యక్షగానమును, ఉషాపరిణయమను ప్రబంధమును తెలుగున రచించినది. ఇంతమాత్రమే చెప్పితిమి. గొంతు వణకినది గాని ఆగలేదు.

గైడు జేబులోని చిన్నపుస్తకము తీసి ఆ మూడు పేర్లును తమిళాక్షరములతో వ్రాసికొని, సరిగా నున్నవా యని మాకు చదివి వినిపించెను. పిదప అడుగకయే మమ్ము సరస్వతీమహలు ప్రదర్శనశాలకు తోడ్కొనిపోయెను. 40,000కు మించిన వ్రాతప్రతులు గల భాండారమది. అద్దములచాటున తాటియాకులను చూచుచు మావారు, "ఆ ఉషాపరిణయము మనయింట గలదా?" అనిరి. లేదంటిమి. "తెప్పింతము" అనిరి.

సోదరీమణులారా, గైడును కుదుర్చుకొనవలెనా యని యడుగువారికి మేము చెప్పున దిది. రాళ్లను గూర్చి అతనికి తెలిసినంత మనకు తెలియదు. అభిమానము విడిచి వినుడు. కాని మీలో పెద్దయామెకు తెలియు భాషలో చెప్పునా యని ముందే యడుగుడు. ఆమె నడకను బట్టియే అందరును నడువవలెనని చెప్పుడు. పోవుటకు ముందొక పుస్తకమైన చదివి పొండు. అతడు సెలవు తీసికొన్న పిమ్మట మరల నొక్కసారి మీయంతట తిరిగి రండు. అతడు విడిచిన పేరేదైన మీకు తెలిసియుండినచో, పిల్లల యెదుట దానిని పలుకుటకు జంకకుడు.

ఆ రాత్రి రైలులో అందరును నిద్రించిరని తలచితిమి. పైబల్లపై నున్న అమ్మాయిని అత్తగారు మెల్లగా పిలిచి, "ఆమె పేరేమంటివే? రంగమ్మయా?" అనిరి.

"రంగాజమ్మ, నాయనమ్మా."

"రంగాజమ్మ" అని ఆమె మరియొకసారి యనుకొని, దుప్పటి కప్పుకొనిరి.